గురి తప్పిన రవ్వ: పక్షుల వేటలో సీసమునకు బదులు

నీటిమడుగుపై ఎగురుచున్న బాతును గురిచూచి వేటకాడు తుపాకి పేల్చును. తూటాలో నుండి వెడలిన సీసపు రవ్వలు సుమారు 280. బాతునకు తగిలినవి నాలుగో, అయిదో. గురి తప్పినచో అవియును లేవు. తక్కిన రవ్వలన్నియు ఏమైనవి? మడుగులో పడినవి, బురదలో దిగినవి; అంతటితో వాని కథ ముగిసినదని వేటకాండ్రు చిరకాలము తలచిరి. వాస్తవమున మరియొక కథ అక్కడనే మొదలగుచున్నది. గురి తప్పిన రవ్వయు పక్షిని చంపగలదు. ఆనాడు కాకున్న మరియొకనాడు, ఆ పక్షిని కాకున్న వేరొక పక్షిని.

ఈ చావును తప్పించుటకై సీసమునకు బదులు వాడదగిన లోహములెవ్వి, వానిలో దేనిని ఎప్పుడు ఎన్నుకొనవలెను అనునది ఇప్పుడు మనము విచారింపనున్న విషయము. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో జరిగిన సవరణయు కలిసి వినోదపు వేటకు స్వస్తి చెప్పినవి. మరి తూటాల ఎన్నిక మనకేల అని శ్రోతలు అడుగవచ్చును. అమెరికా, కెనడా దేశములలో స్థిరపడిన మన బంధువులలో ఎవరైనను లైసెన్సు పొంది బాతుల వేటకు పోదలచినచో ఈ ఎన్నిక వారికి తప్పదు. అదియును గాక, చలికాలమున కొల్లేటికిని, పులికాటునకును వచ్చు సూదితోక బాతులు ఉత్తరపు దేశముల నుండి వచ్చు అతిథులు. అవి తిరిగి చేరుకొను తావులలో తుపాకులు నేటికిని మౌనము వహింపలేదు.

మన గడ్డమీద కూడ ఈ సీసము కురిసిన దినములు కలవు. రాజస్థానములోని భరత్‌పురము నేడు పక్షులకు అభయారణ్యము. అక్కడనే 1938 నవంబరు 12వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు తన పరివారముతో వేటాడి ఒక్క దినమున 4,273 పక్షులను కూల్చినట్లు శిలాఫలకముపై చెక్కియున్నది. పక్షికొక్క తూటా చొప్పున, తూటాకు 30 గ్రాముల సీసము చొప్పున లెక్కించినను ఆ ఒక్కనాడు నేలకు దిగిన సీసము 128 కిలోగ్రాములు. పక్షికొక్క తూటాతో సరిపుచ్చగల వేటకాడు అరుదు గనుక అసలు లెక్క ఇంతకంటె పెద్దదియే కావలెను. సీసము ఆకువలె కుళ్లదు. ఇనుమువలె త్వరగా త్రుప్పుపట్టి మట్టిలో కలియదు. పడినచోటనే ఏండ్ల తరబడి ఉండును.

ఉన్నంత మాత్రమున హాని ఏమి? దీనికి సమాధానము మన వంటింటిలోనే దొరకును. కోడిని కోసినప్పుడు కందనకాయను చీల్చి, అందులోని ఇసుకను, చిన్నరాళ్లను కడిగివేయుట అందరును చూచినదే. పక్షులకు దంతములు లేవు. ఆ కొరతను తీర్చునది కందనకాయ. అది తిరుగలివలె పనిచేయును. మింగిన రాళ్లతో గింజలను నూరి పిండిచేయును. బాతు బురదలోనికి ముక్కు దూర్చి గింజలను, రాళ్లను ఏరుకొనుచుండగా సీసపు రవ్వ కూడ నోటికి వచ్చును. దానికది గింజయనియో, రాయియనియో తోచును. మింగును.

ఇక రాయి చేయని పని రవ్వ చేయును. సీసము మెత్తని లోహము. కందనకాయ దానిని అరగదీయుచుండగా జీర్ణరసములోని ఆమ్లము దానిని కరగించును. కరగిన సీసము రక్తమున చేరి నరములను, కండరములను క్రుంగదీయును. జీర్ణకోశపు కండరములు చచ్చుపడుటచే తిన్నది ముందునకు కదలదు. పక్షి తినుచునే యుండును, కాని ఆకలిచే కృశించును. రొమ్ముటెముక కత్తియంచువలె పైకి తేలును. రెక్కలు ఇంటికప్పువలె ఇరుప్రక్కలకు వాలిపోవును. విరేచనము ఆకుపచ్చగా నగును. చాలవరకు రెండు మూడు వారములలో ప్రాణము పోవును. ఒక్క రవ్వయే బాతును చంపిన సందర్భములు కలవు.

ఇట్లు చనిపోవు పక్షి నడిమడుగున అందరి యెదుట చావదు. శక్తి తగ్గగనే తుంగలోనో పొదలోనో దాగును. నక్కయో గ్రద్దయో దానిని ముగించును. కావుననే ఈ మరణములు మనుష్యుల కంటబడలేదు. తిన్న గ్రద్దకు కూడ ఆ సీసము చేరును. అమెరికాలో తెల్లతల గ్రద్దలు, కాలిఫోర్నియాలో కాండర్ అను పెనురాబందులు తాము తిన్న మాంసములోని సీసమునకు బలియైనవి.

వేటకు సీసమునే ఏల వాడిరి? సీసము చౌక, బరువు, మెత్తన. 327 సెంటిగ్రేడు డిగ్రీల వేడికే కరగును. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున విలియం వాట్స్ అను నతడు కరగిన సీసమును జల్లెడ గుండ ఎత్తు నుండి నీటిలోనికి జార్చినచో దారిలోనే గుండ్రని రవ్వలు కట్టునని కనుగొని 1782లో పేటెంటు పొందెను. అటుపిమ్మట రవ్వల గోపురములు వెలసినవి. రవ్వ సామాన్యునకు అందుబాటులోనికి వచ్చినది.

దాని విషము మాత్రము మెల్లగా బయటపడినది. 1894లో జార్జి బర్డ్ గ్రిన్నెల్ అను అమెరికా ప్రకృతి పరిశోధకుడు సీసము మింగి చనిపోవు బాతులను గూర్చి వ్రాసెను. 1919లో అలెగ్జాండర్ వెట్‌మోర్ యూటా రాష్ట్రపు చిత్తడినేలలలో పరిశీలించి ఆ వ్యాధిని వివరముగా వర్ణించెను. 1959లో ఇల్లినాయిస్ రాష్ట్రమునకు చెందిన ఫ్రాంక్ బెల్‌రోజ్ వేలకొలది కందనకాయలను పరీక్షించిన ఫలితములను ప్రకటించి, ఉత్తర అమెరికాలోని నీటిపక్షులలో ఏటేట నూటికి రెండు మూడు ఈ విధముగా నశించుచున్నవని అంచనా వేసెను. నూటికి రెండన్న చిన్న సంఖ్యగా తోచును. కోట్ల పక్షులలో నూటికి రెండు అనగా లక్షలు. వెట్‌మోర్ వర్ణించిన తరువాత డెబ్బది ఏండ్లు గడచి, 1991లో గాని అమెరికా దేశమంతట నీటిపక్షుల వేటలో సీసపు రవ్వలు నిషిద్ధములు కాలేదు. నెదర్లాండ్సు 1993లో, డెన్మార్కు 1996లో సీసపు రవ్వలను పూర్తిగా విడిచినవి. ఇంగ్లండు 1999లో నీటిపక్షుల మట్టుకు నిషేధించినది. ఐరోపా సమాఖ్యలో చిత్తడినేలలయందును, వాని చుట్టును 2023 ఫిబ్రవరి 15 నుండి నిషేధము అమలులోనికి వచ్చినది.

సీసమునకు పైపూత పూసినచో చాలదా అను ఆలోచన మొదటనే కలిగినది. రాగి పూత, నికెలు పూత పూసి చూచిరి. కాని కందనకాయ తిరుగలి యని చెప్పియుంటిమి గదా. పూత అరిగిపోవును, లోని సీసము బయటపడును. కావున పెట్టెపై రాగి పూత యనియో నికెలు పూత యనియో చూచి నిర్విషమని భ్రమపడరాదు. జింకు కూడ పనికిరాదు. అదియును పక్షులకు విషమే. అమెరికాలో క్రొత్త లోహముతో చేసిన రవ్వ ఏదైనను అక్కడి మత్స్య, వన్యప్రాణి శాఖవారి పరీక్షలలో నెగ్గి ఆమోదము పొందినపిమ్మటనే నీటిపక్షుల వేటకు వాడదగును.

ఇట్లు నెగ్గిన లోహములు ముఖ్యముగా మూడు తెగలు: ఉక్కు, బిస్మత్, టంగ్‌స్టన్. వీనిని వేరుచేయు గుణము సాంద్రత. ఒక ఘన సెంటీమీటరు సీసము 11.3 గ్రాములు తూగును. అంతే పరిమాణము గల ఇనుము 7.9 గ్రాములే. తగరము కలిపిన బిస్మత్ సుమారు 9.6 గ్రాములు. టంగ్‌స్టన్ మిశ్రమములు పాళ్లనుబట్టి 10 మొదలు 18 గ్రాముల వరకు తూగును.

ఈ అంకెలు వేటకానికేల? మారేడుకాయంత రాతిని, మారేడుకాయంత బెండుముక్కను ఒకే బలముతో విసరి చూడుడు. రాయి దూరము పోయి గట్టిగా తగులును. బెండు నడుమనే గాలికి లొంగిపోవును. ఉక్కు బెండు కాదు గాని, సీసముతో పోల్చినప్పుడు అది కొంత బెండు వైపునకు మొగ్గినదే. ఒకే పరిమాణమున ఉక్కు రవ్వ సీసపు రవ్వ బరువులో పదింట ఏడు వంతులే ఉండును. త్వరగా వేగమును కోల్పోవును.

ఈ లోటును పూడ్చు ఉపాయములు రెండు: రవ్వను పెద్దదిగా చేయుట, వేగమును హెచ్చించుట. రవ్వల పరిమాణమును సంఖ్యలతో తెలుపుదురు. సంఖ్య తగ్గినకొలది రవ్వ పెద్దది. అమెరికా లెక్కలో 17 నుండి ఆ సంఖ్యను తీసివేయగా వచ్చినది రవ్వ వ్యాసము, అంగుళములో నూరవ వంతులలో. ఆరవ సంఖ్య రవ్వ 11 వంతులు, అనగా 2.8 మిల్లీమీటర్లు, నాలుగవ సంఖ్య 13 వంతులు, అనగా 3.3 మిల్లీమీటర్లు. ఇంగ్లండు సంఖ్యలు వేరు గనుక పెట్టెపై మిల్లీమీటర్లను చూచుట మేలు. ఆరవ సంఖ్య సీసపు రవ్వ బరువు సుమారు 126 మిల్లీగ్రాములు. నాలుగవ సంఖ్య ఉక్కు రవ్వ సుమారు 148 మిల్లీగ్రాములు. కావుననే వేటకాండ్రలో, సీసమున వాడిన సంఖ్యకు రెండు తగ్గించి ఉక్కును కొనుము అను సూత్రము ఏర్పడినది. ఆరు వాడినవాడు నాలుగు, నాలుగు వాడినవాడు రెండు.

రవ్వ పెద్దదైనచో తూటాలో పట్టు రవ్వల లెక్క తగ్గునని భయము కలుగవచ్చును. 35 గ్రాముల ఆరవ సంఖ్య సీసమున రవ్వలు సుమారు 280. 32 గ్రాముల నాలుగవ సంఖ్య ఉక్కున సుమారు 215. తగ్గినమాట నిజము. కాని మరియొక సంగతి కలదు. తుపాకి పేలినప్పుడు అడుగున నున్న సీసపు రవ్వలు పైవాని బరువునకు నలిగి వంకరపోవును. వంకరపోయిన రవ్వ ప్రక్కకు తప్పుకొనును. గట్టిదైన ఉక్కు రవ్వ గుండ్రముగనే నిలిచి తిన్నగా పోవును. అందుచే రవ్వల గుంపు చెదరక దగ్గరగా సాగును, లెక్కలోని లోటు కొంత తీరును.

తుపాకి గొట్టపు కొనను కొంచెము బిగించి రవ్వల గుంపు త్వరగా విచ్చిపోకుండ చేయు అమరికను చోకు అందురు. ఉక్కు గుంపు స్వభావముచేతనే దగ్గరగా ఉండును గనుక దానికి బిగుతు చోకు అనవసరము. అనవసరమే కాదు, అపాయకరము కూడ. సీసము మెత్తన గనుక బిగుతులో సర్దుకొనును. ఉక్కు సర్దుకొనదు, గొట్టపు కొన ఉబ్బిపోవచ్చును. కావున సగము చోకును మించక, పావు చోకో సగము చోకో వాడుట క్షేమము.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి తూటా ఎన్నుకొనువాడు ధరను అడుగక మునుపు తన తుపాకిని అడుగవలెను. తాతలనాటి జంటగొట్టాల తుపాకులలో గొట్టములు పలుచన. ఇనుపపట్టీలను చుట్టి అతికిన గొట్టములును కలవు. అట్టివానిలో ఉక్కును ఎన్నడును వేయరాదు. ఈనాటి తుపాకులలో కూడ, అధికపీడనముతో పేలు ఉక్కు తూటాలకు తగినదని ఐరోపాలో పరీక్షించిన తుపాకికి లిల్లీపువ్వు ఆకారపు ముద్ర వేయుదురు. ముద్ర లేనిచో తుపాకి బాగుచేయు నిపుణునకు చూపి తెలిసికొనవలెను. ఉక్కు రవ్వలు గొట్టమును గీయకుండుటకు వానిని దళసరి ప్లాస్టిక్ గిన్నెలో ఉంచి తూటా చుట్టుదురు; ఆ ప్లాస్టిక్ పొలములో మిగిలిపోవుచుండుటచే మట్టిలో కరగు గిన్నెలును ఇప్పుడు వచ్చుచున్నవి.

పాత తుపాకి గలవానికి బిస్మత్ తగినది. అది సీసమువలె మెత్తన, సాంద్రతలో సీసమునకును ఉక్కునకును నడిమిది. రెండు సంఖ్యలకు బదులు ఒక సంఖ్య పెంచినచో చాలును. పెళుసుదనము దీని దోషము. దానిని తగ్గించుటకే తగరమును కలుపుదురు. ధర మాత్రము ఉక్కు కంటె ఎన్నో రెట్లు.

టంగ్‌స్టన్ సీసమును మించినది. 18 గ్రాముల సాంద్రత గల మిశ్రమముతో చేసిన 2 మిల్లీమీటర్ల రవ్వ, 3 మిల్లీమీటర్ల సీసపు రవ్వకు తీసిపోకుండ చొచ్చుకొనిపోవును. రవ్వ చిన్నది గనుక తూటాలో ఎక్కువ పట్టును. కాని ఇది అన్నింటికంటె ఖరీదైనది. ఇందులో కొన్ని రకములు ఉక్కు కంటెను కఠినములు. అవి పాత తుపాకులకు పనికిరావు. మెత్తని పదార్థములో టంగ్‌స్టన్ పొడిని కలిపి చేసిన రకము వేరు. అది పాత గొట్టములకు కూడ హాని చేయదు. టంగ్‌స్టన్ అను పేరు చూచి కాక, ఏ మిశ్రమమో చూచి కొనవలెను.

తుపాకి తరువాత అడుగవలసినది దూరము. ఈ విషయముననే పాత వేటకాండ్రు ఉక్కును ఎక్కువగా నిందించిరి. పక్షులను చంపక గాయపరచి విడుచునని, అంతకంటె సీసమే దయగలదని వాదించిరి. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. గాయపడి ఎగిరిపోయిన పక్షి బాధ కూడ బాధయే. కాని పరీక్ష ఏమి చెప్పినది? టెక్సాస్ రాష్ట్రమున గువ్వల వేటలో, తూటాలో ఉన్నది సీసమో ఉక్కో వేటకానికి చెప్పక ఇచ్చి ఫలితములను పోల్చి చూచిరి. కూలిన పక్షులలోను, గాయపడిన పక్షులలోను గణింపదగిన భేదము కనబడలేదు. పక్షిని గాయపరచునది లోహము కంటె దూరమును తప్పుగా అంచనా వేయు కన్ను. సామాన్యుని చేతిలో 35, 40 గజములకు మించిన గురి ఏ లోహముతోనైనను జూదమే. ఉక్కు ఆ జూదమును ఇంకను నష్టకరము చేయును, అంతే.

కావున తూటా కొన్నవాడు వేటకు పోకముందు చేయవలసిన పని ఒకటి కలదు. ఒక పెద్ద కాగితమును చట్రమునకు బిగించి, తాను సాధారణముగా కాల్చు దూరమున నిలిపి, మూడు నాలుగు తూటాలు విడివిడి కాగితములపై పేల్చి, 30 అంగుళముల వృత్తములో పడిన రవ్వలను లెక్కింపవలెను. వృత్తములో బాతు పట్టునంత ఖాళీలు కనబడినచో ఆ దూరము తన తుపాకికి మించినదని గ్రహింపవలెను. అప్పుడు చోకునో, రవ్వనో మార్చవలెను. లేదా దగ్గరకు రానిచ్చి కాల్చవలెను.

మరికొన్ని చిన్న జాగ్రత్తలు. అమెరికాలో నీటిపక్షుల వేటలో సీసపు తూటాను కాల్చకున్నను, జేబులో ఉంచుకొనుట కూడ నేరము. పోకముందు సంచులు దులుపుకొనవలెను. ఉక్కు రవ్వ రాతికి, గట్టినేలకు తగిలి వెనుకకు దూకును. కండ్లకు అద్దములు ధరింపవలెను. తడిసిన పాత ఉక్కు తూటాలలో రవ్వలు త్రుప్పుపట్టి ముద్దకట్టవచ్చును, అట్టివానిని వాడరాదు. ఇక వండినవారు వడ్డించునప్పుడు ఒక మాట హెచ్చరించుట మంచిది: సీసపు రవ్వ పంటిక్రింద నలుగును, ఉక్కు రవ్వ పంటినే విరుగగొట్టును. అయినను విరిగిన పన్ను కనబడును. సీసపు రవ్వ మాంసములో విడిచిపోయిన కంటికి కనబడని తునకలు కనబడవు. వేటాడిన పక్షిని తినువారి దేహములోనికి, అందులోను పసిపిల్లల దేహములోనికి, ఆ సీసము చేరుట మరింత కీడు.

ఇంత శ్రమకు ఫలమేమైనను కలదా? కలదు. అమెరికాలో నిషేధము వచ్చిన కొలది ఏండ్లకు మిసిసిపీ నదీమార్గమున వేటాడిన బాతుల కందనకాయలను మరల పరీక్షించిరి. మింగిన రవ్వలలో ఎక్కువభాగము నిర్విషములుగా తేలినవి. ఆ మార్గపు మాలార్డు బాతులలో సీసవిష మరణములు నూటికి అరువదికి పైగా తగ్గినవని 2000లో ప్రకటించిరి. పక్షులు రవ్వలను మింగుట మానలేదు. మింగిన రవ్వ చంపుట మానినది.

ఇష్టముపై విడిచిపెట్టినచో ఏమగునో బ్రిటను చూపినది. 2020 ఫిబ్రవరిలో అక్కడి తొమ్మిది వేట సంఘములు, అయిదేండ్లలో సీసపు రవ్వలను స్వచ్ఛందముగా విడుతుమని ప్రకటించినవి. కాని తరువాతి ఋతువులలో అంగళ్లలో అమ్మిన ఫెజెంటు పక్షులను పరీక్షింపగా, రవ్వ దొరికినవానిలో నూటికి తొంబదికి మించి సీసమే కనబడినది. తుదకు 2025 జులైలో ప్రభుత్వము నిషేధ నిర్ణయమును ప్రకటింపవలసివచ్చినది. అలవాటు సీసము కంటె బరువైనది.

వేట మంచిదా చెడ్డదా అను వాదము ఈ ప్రసంగమున మేము తలపెట్టలేదు. వేటను అనుమతించు దేశములలో వేటకానికిని పక్షికిని నడుమ ఒక ఒడంబడిక కలదని మాత్రము చెప్పుదుము. గురి తగిలినచో పక్షి అతనిది. తప్పినచో పక్షి ఆకాశముది. సీసపు రవ్వ ఈ ఒడంబడికను మన్నింపదు. తప్పిన గురిని కూడ ఏండ్ల తరువాత చావుగా మార్చును. పైని చెప్పిన మూడు లోహములలో ఏదైనను సరే, తుపాకికి తగినదానిని, దూరమునకు తగిన పరిమాణమున ఎన్నుకొన్నవాడు ఆ మాటను నిలుపుకొన్నవాడగును. తప్పిపోయిన పక్షి నిజముగా తప్పించుకొన్నదనుటకు ఆ రవ్వయే పూచీ.